తాళంచెవి ఎవరి దగ్గర?

అమరావతి స్తూపం నుంచి లండన్ చేరిన శిల్పాలకు చాలాకాలం 'ఎలియట్ మార్బుల్స్' అనే పేరుండేది. 1845లో వాల్టర్ ఎలియట్ అనే కంపెనీ అధికారి తవ్వించి మద్రాసుకి పంపించిన రాళ్ళవి. 1859లో ఇంగ్లండుకి ఓడెక్కాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేతికొచ్చాయి. వాటిని చెక్కింది ఎలియట్ కాదు. అవి పాలరాళ్ళు కూడా కావు, పల్నాటి సున్నపురాళ్ళు. పేరులో ఉన్న రెండు మాటల్లో ఒక్కటి కూడా ఆ వస్తువు గురించి నిజం చెప్పదు. ఎవరి చేతిమీదుగా వచ్చిందో మాత్రం చెప్తుంది. అయినా పుస్తకాల్లోకి ఆ పేరే ఎక్కింది. శిల్పి పేరు ఎలాగూ తెలీదు, కనీసం ఊరి పేరైనా ముందు రాలేదు.

మ్యూజియంలో వస్తువు తన గురించి తాను ఏమీ చెప్పుకోలేదు. దాని పక్కనున్న చీటీ చెప్తుంది. చీటీ తప్పయితే తప్పే నిలబడుతుంది. చీటీ లేకపోతే వస్తువే లేనట్టు లెక్క. 2023లో బ్రిటిష్ మ్యూజియంలో దాదాపు 2,000 వస్తువులు పోయాయనో, దెబ్బతిన్నాయనో బయటపడినప్పుడు, వాటిలో చాలావాటికి సరైన నమోదే లేదని తేలింది. లెక్కలో లేనిదాన్ని పోయిందని నిరూపించడం కూడా కష్టమే. అంత డబ్బు, అంతమంది ఉద్యోగులు ఉన్నచోట పరిస్థితే అది. రెండు గదులు, ఒక బీరువా, ఒక మనిషి ఉన్న మ్యూజియం సంగతి ఏంటి?

ఈ మధ్య అలాంటి రెండు గదుల మ్యూజియం పని ఒకటి నా దగ్గరికొచ్చింది. తెలంగాణలో ఒక చిన్న పట్టణం. రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకాయన ముప్పై ఏళ్ళుగా పోగుచేసిన సామాను. సోల, తవ్వ, మానిక లాంటి కొలపాత్రలు, మగ్గం సామాను, తాళపత్రాలు, గుడిగంటలు, రాగి నాణేలు, చిరిగిపోయిన ఒక నకాషీ పటం. మొత్తం 400 పైచిలుకు. వివరాలన్నీ మూడు నోటుబుక్కుల్లో, మిగతావి ఆయన జ్ఞాపకంలో. "నువ్వు సాఫ్ట్‌వేర్ మనిషివి గద, ఫ్రీగ దొరికేదేదన్న పెట్టియ్యి" అన్నారు. నేను ఓపెన్ సోర్స్ అంటే ఏంటో, ఎందుకు మంచిదో అరగంట చెప్పాను. ఓపిగ్గా విని, "అన్నీ బాగనే ఉన్నయి గని, రేపు నువ్వు అమెరికా పోతే దీన్ని ఎవరు చూస్తరు?" అని అడిగారు.

నేను అమెరికా వెళ్తానా లేదా అన్నది పక్కనపెడితే, సాఫ్ట్‌వేర్ ఎంపికలో అడగాల్సిన అసలు ప్రశ్న అదేనని నాకనిపిస్తుంది. ఫీచర్ల పట్టికలో ఆ ప్రశ్నకి గడి ఉండదు.

ఇంగ్లీషులో 'ఫ్రీ' అన్న ఒక్క మాటకి రెండర్థాలు ఉండటం వల్ల ఓపెన్ సోర్స్ వాళ్ళు దశాబ్దాలుగా వివరణలు ఇచ్చుకుంటూ ఉన్నారు. తెలుగులో మనకి ఆ బాధ లేదు. ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. జీపీఎల్ లాంటి లైసెన్సు ఇచ్చేది స్వేచ్ఛ: ప్రోగ్రాంని ఎందుకైనా వాడుకోవచ్చు, లోపల ఎలా పనిచేస్తుందో చూడొచ్చు, మార్చుకోవచ్చు, ఇతరులకి పంచొచ్చు. ఇవన్నీ నేను మనస్ఫూర్తిగా నమ్మే విషయాలు, నా జీతంలో సగం ఇలాంటి ప్రోగ్రాంల పుణ్యమే. కానీ ఈ నాలుగు హక్కుల్లో రెండు, చూడటం, మార్చుకోవడం, కోడ్ చదవగలిగినవాళ్ళకే పనికొస్తాయి. ఆ రెండు గదుల్లో కోడ్ చదవగలిగేవాళ్ళు ఎవరూ లేరు. అక్కడ ఆ హక్కులు కాగితం మీదే ఉంటాయి.

అంటే జరిగేదేంటి? కంపెనీ సాఫ్ట్‌వేర్ కొంటే తాళంచెవి కంపెనీ దగ్గరుంటుంది. ఏడాది చందా కట్టకపోతే తలుపు తెరుచుకోదు. ఓపెన్ సోర్స్ పెడితే తాళంచెవి నా దగ్గరికొస్తుంది. సర్వర్ పాస్‌వర్డ్ నాకే తెలుసు, అప్‌డేట్ నేనే చెయ్యాలి, ఆగిపోతే నాకే ఫోన్ చెయ్యాలి. లెక్చరర్‌గారి వైపు నుంచి చూస్తే తాళం అలాగే ఉంది, తాళంచెవి పట్టుకున్న మనిషి మారాడు. పైగా డబ్బు తీసుకున్న కంపెనీని ఎందుకు చెయ్యలేదని నిలదీయొచ్చు. ఊరికే చేసిపెట్టిన కుర్రాణ్ణి అలా అడగడానికి మొహమాటం. పండగపూట ఫోన్ చేస్తే ఏమనుకుంటాడో అని వారం ఆగుతారు. ఉచితం వెనకాల ఉండే ఈ మొహమాటం ఖరీదుని మనం లెక్కలోకి తీసుకోం. కొన్నది వంకాయ, కొసరింది గుమ్మడికాయ అన్నట్టు, ప్రోగ్రాంకి పైసా ఖర్చు లేదు గానీ దాన్ని నడపడం అనే కొసరు చాలా బరువు.

దీన్నిబట్టి కంపెనీ సాఫ్ట్‌వేరే నయమనడం కూడా తొందరపాటే. కంపెనీ మూతపడితే, లేదా ఆ వ్యాపారం గిట్టుబాటు కాదని వదిలేస్తే, ఆ తాళంచెవిని ఇంకొకరు అందుకోలేరు. ఓపెన్ సోర్స్‌లో నేను పోయినా ఇంకొకరు అందుకోవచ్చు. అందుకునేవాళ్ళు ఉంటారా అన్నది వేరే ప్రశ్న, కానీ దారి మూసుకుపోలేదు. కాబట్టి ఓపెన్ సోర్స్ అవసరమే, అదొక్కటే చాలదు. ఎవరికి ఓపెన్ అన్నది ప్రతిచోటా అడుగుతూ పోవాలి.

దొరికేవాటి సంగతి చూద్దాం. ఒమెకా ఉంది. అమెరికాలో జార్జ్ మేసన్ యూనివర్సిటీ వాళ్ళు 2008లో విడుదల చేశారు. డబ్లిన్ కోర్ అనే 15 అంశాల పద్ధతిలో వివరాలు రాసుకోవచ్చు, అందమైన వెబ్ ప్రదర్శనలు పెట్టుకోవచ్చు. కాకపోతే అది షోకేసు. ఏ గంట ఏ బీరువాలో ఉంది, ఏ పటం ఎవరికి ఎరువిచ్చాం లాంటి గోడౌన్ పని దాని ఉద్దేశం కాదు. కలెక్షన్‌స్పేస్ ఉంది. మానవశాస్త్రం, చిత్రకళ లాంటి రంగాలకి విడివిడిగా ప్రొఫైళ్ళున్న గట్టి వ్యవస్థ, జావా మీద, పోస్ట్‌గ్రెస్ మీద నడుస్తుంది. నడపడానికి తెలిసిన మనిషి ఉండాల్సిందే. కలెక్టివ్‌యాక్సెస్ ఉంది. ఇందులో రెండు భాగాలు: లోపలి నమోదు పనికి ప్రావిడెన్స్, బయటివాళ్ళకి చూపించడానికి పాటకెట్. పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ కాబట్టి మామూలు హోస్టింగ్ అనుభవం ఉన్న కుర్రాళ్ళెవరైనా తంటాలుపడి నిలబెట్టగలరు. మన ప్రభుత్వం వైపు నుంచి పుణె సీ-డాక్ తయారుచేసిన 'జతన్' ఉంది. సాలార్‌జంగ్ లాంటి పెద్ద మ్యూజియంల వస్తువులు దాని ద్వారానే జాతీయ పోర్టల్‌లోకి ఎక్కాయి. ఇవన్నీ కాక, అందరికీ తెలిసిన స్ప్రెడ్‌షీట్ ఉండనే ఉంది.

వీటిలో ఏది గొప్పదని నన్నడిగితే ఇంజనీరుగా కలెక్టివ్‌యాక్సెస్ అంటాను. ఎందుకో చెప్పడానికి లెక్చరర్‌గారి దగ్గరున్న ఒక గంట సాక్ష్యం చాలు.

ఆ ఇత్తడి గంట మీద దాత పేరు, 'ప్లవంగ' అనే సంవత్సరం పేరు చెక్కి ఉన్నాయి. శకం అంకె లేదు. మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. ప్లవంగ 1907-08లో వచ్చింది, మళ్ళీ 1967-68లో వచ్చింది. లిపి చూసి చెప్పడం కష్టం, అక్షరాలు అరిగిపోయాయి. స్ప్రెడ్‌షీట్‌లో 'సంవత్సరం' గడి ఒకే అంకె అడుగుతుంది. నోటుబుక్కులోంచి ఎక్కించే కుర్రాడు ఏదో ఒకటి కొట్టి ముందుకెళ్ళాలి. ఇక్కడ చిక్కు చరిత్ర ఒక్కదానితోనే కాదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువు పురావస్తువు అవుతుంది. రాతప్రతులకైతే 75 ఏళ్ళు. 1907 అని కొడితే ఈ గంట చట్టం దృష్టిలో ఒకటి, 1967 అని కొడితే ఇంకొకటి. టైపు చేసేవాడి తొందర ఒక వస్తువు చట్టపరమైన స్థితిని మార్చేస్తుంది. పదేళ్ళ తర్వాత ఆ అంకెని చూసేవాళ్ళకి అది ఊహ అని తెలిసే దారి ఉండదు. కంప్యూటర్‌లో ఉంది కాబట్టి నిజమనుకుంటారు.

కలెక్టివ్‌యాక్సెస్‌లో తేదీని 'సుమారుగా' అనీ, ఇంతనుంచి ఇంతవరకు అనీ రాయొచ్చు. ఒకే గడిని రెండుసార్లు నింపొచ్చు. ప్రతి విలువ పక్కన ఇది ఎవరు చెప్పారు, దేన్నిబట్టి చెప్పారు అని ఇంకో గడి కట్టుకోవచ్చు. ఇదేదో చిన్న సౌకర్యంలా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో ఇది నైతికమైన విషయం. 'తెలీదు' అని రాయడానికి చోటివ్వని ఫారం మనచేత అబద్ధం రాయిస్తుంది. 'ఎవరన్నారు' అన్న గడి లేని ఫారం ఒకరి మాటని అందరి నిజంగా మార్చేస్తుంది. ఎలియట్ మార్బుల్స్ అలా తయారైనవే.

ఇక నకాషీ పటం. చేర్యాల వైపు నకాషీ చిత్రకారులు గుడ్డమీద గీసే పొడవాటి బొమ్మల పటం అది. ఇలాంటి పటాల్లో ముదిరాజులకి కథ చెప్పేది కాకిపడగలవాళ్ళు, మాదిగలకి జాంబపురాణం చెప్పేది డక్కలివాళ్ళు, పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్పేది కూనపులివాళ్ళు. ఏ ప్రోగ్రాం తెరిచినా 'సృష్టికర్త' అనే గడి కనిపిస్తుంది. ఎవరు సృష్టికర్త? గీసినవాళ్ళా, ఆ బొమ్మలు చూపిస్తూ రాత్రంతా పాడినవాళ్ళా, తమ కులపురాణం కాబట్టి పాడించుకున్నవాళ్ళా? నోటుబుక్కులో మాత్రం పాత సామాను వ్యాపారి దగ్గర ఎంతకి కొన్నారో ఉంది, అంతే. ఇది లెక్చరర్‌గారి తప్పు కాదు. అమ్మినవాడు చెప్పలేదు, చెప్పగలిగినవాళ్ళు అక్కడ లేరు. పాటకుడు, చిత్రకారుడు, సొంతదారు, అమ్మినవాడు అని మనిషికీ వస్తువుకీ మధ్య సంబంధాల్ని విడివిడిగా రాసుకునే ఏర్పాటున్న ప్రోగ్రాంలో కనీసం ఖాళీలు కనిపిస్తాయి. ఖాళీ కనిపిస్తే ఎవరైనా వెళ్ళి అడుగుతారు.

ఇక్కడే నాలాంటివాళ్ళకి మింగుడుపడని ఇంకో ప్రశ్న వస్తుంది. పటాన్ని పూర్తిగా ఫోటో తీసి, పెద్ద సైజులో, ఎవరైనా దించుకునేలా నెట్‌లో పెట్టాలా? కోడ్ తెరిచి ఉంచడం మంచిదైతే బొమ్మ తెరిచి ఉంచడం ఇంకా మంచిది కదా అని మా వృత్తిలో పెరిగినవాళ్ళకి సహజంగా అనిపిస్తుంది. దీనికి జవాబు ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. అక్కడ టెనెంట్ క్రీక్ ప్రాంతంలోని వారుముంగు ప్రజలతో కలిసి తయారుచేసిన ప్రోగ్రాం పేరు ముకుర్తు. వాళ్ళ భాషలో అది పవిత్రమైన వస్తువుల్ని పెద్దలు భద్రం చేసే సంచి పేరు. ఈ ప్రోగ్రాం కోడ్ ఓపెన్ సోర్సే, ఎవరైనా తీసుకోవచ్చు. కానీ లోపల పెట్టిన ఫోటోని ఎవరు చూడొచ్చు అన్నది ఆ సముదాయం పెట్టుకున్న నియమాలనిబట్టి ఉంటుంది. కొన్ని ఆడవాళ్ళే చూడాలి, కొన్ని ఒక కుటుంబమే చూడాలి. పనిముట్టు అందరిదీ, అందులో దాచుకున్నది మాత్రం దాచుకున్నవాళ్ళది. ఓపెన్ సోర్స్ అంటే అంతా బట్టబయలు అనుకునేవాళ్ళు ఈ తేడా దగ్గర కాస్త ఆగాలి.

మన పటం విషయంలో ఇది ఇంకా చిక్కు. ఊళ్ళ మీద మిరాశీ హక్కుతో, పటం పట్టుకుని తిరిగి బతికిన కుటుంబాలవి. పటమే వాళ్ళ పట్టా. పాతబడిన పటాన్ని నీళ్ళలో నిమజ్జనం చేసే ఆచారం కూడా ఉండేది. అలా చూస్తే నీళ్ళలోకి పోవాల్సింది బీరువాలోకి వచ్చి కూర్చుంది. దాన్ని ఇప్పుడు నెట్‌లో పెట్టడానికి మనమెవరం అని అడగొచ్చు. కానీ ఇంకోవైపు చూడండి. డక్కలివాళ్ళ పురాణాన్ని వందల ఏళ్ళు ఎవరూ పుస్తకాల్లోకి ఎక్కించలేదు. దానిక్కారణం గౌరవం కాదు, చిన్నచూపు. వాళ్ళ నియమం ప్రకారం దాచడం వేరు, మనకి పట్టక దాచేయడం వేరు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి, రెండిట్లోనూ తలుపు మూసే ఉంటుంది. తేడా ఒక్కటే, అడిగామా లేదా అన్నది. కాబట్టి నా వరకు జవాబు తెరవాలనీ కాదు, మూయాలనీ కాదు. ఆ కథ చెప్పే కుటుంబాల్ని వెతికి అడిగేదాకా పటం వివరాలు, ఒక చిన్న ఫోటో బయట ఉంటాయి, మిగతాది లోపల ఉంటుంది. అడిగిన రోజున ఎవర్ని అడిగామో, ఏమన్నారో అది కూడా నమోదవుతుంది.

ఇంత చెప్పాక, లెక్చరర్‌గారికి నేను కలెక్టివ్‌యాక్సెస్ పెట్టి ఇచ్చానా? లేదు, ఇప్పుడే కాదు.

మ్యూజియం పనిలో బ్రిటన్‌వాళ్ళు అనుసరించే 'స్పెక్ట్రమ్' అనే ప్రమాణం ఉంది. అందులో 21 పనులు, వాటిలో 9 ముఖ్యమైనవి. ఆ తొమ్మిదిలో జాబితా వేరు, వివరాల కేటలాగు వేరు. నాకు చాలా నచ్చిన తేడా ఇది. జాబితా అడిగేది: మన దగ్గర ఏముంది, ఎక్కడుంది, ఎవరిది. కేటలాగు అడిగేది: అదేంటి, దాని కథేంటి. మొదటిది బాధ్యత, రెండోది జ్ఞానం. మనలాంటివాళ్ళకి రెండోదాని మీద మోజెక్కువ, మొదటిది గుమాస్తా పనిలా కనిపిస్తుంది. కానీ వస్తువు పోయిన రోజున పోలీసులకి చూపించేది మొదటిదే. గెట్టీ సంస్థ చొరవతో 1997లో వచ్చిన 'ఆబ్జెక్ట్ ఐడీ' అనే చిన్న ప్రమాణం సరిగ్గా దీనికోసమే: ఫోటో, వస్తువు రకం, దేంతో చేశారు, కొలతలు, మీద రాతలు, ఏదైనా సొట్ట, పగులు లాంటి గుర్తులు, ఇలా ఒక్క పేజీకి సరిపోయే ప్రశ్నలు. దానికి సర్వర్ అక్కర్లేదు.

అందుకని మేం పెట్టుకున్న వరుస ఇది. మొదట కుట్టిన రిజిస్టరు, పేజీలకి అచ్చు నంబర్లు, సిరాతో రాత. ప్రతి వస్తువుకీ ఒక నంబరు, వస్తువు మీద చెడగొట్టకుండా రాసినది లేదా కట్టినది. దాని తర్వాత స్ప్రెడ్‌షీట్, ఆబ్జెక్ట్ ఐడీ ప్రశ్నలతో పాటు 'ఎవరన్నారు', 'తెలియనిది' అనే రెండు నిలువు వరుసలు. రాత మొత్తం యూనికోడ్‌లోనే, ఎందుకంటే పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు ఆ ఫాంటు లేని మిషన్లో గీతలూ చుక్కలే. ఏడాదికోసారి అదంతా సీఎస్‌వీగా ఒక చోట, ప్రింటుగా ఇంకో చోట. ఇదంతా నా సాయం లేకుండా నడిచే పని.

కలెక్టివ్‌యాక్సెస్ ఆ తర్వాత. దానికి ఒకే ఒక షరతు. ఆ పట్టణంలో ఉండే ఇంకో మనిషి, డిగ్రీ కాలేజీ కుర్రాడో, నెట్‌సెంటర్ అమ్మాయో, బ్యాకప్‌ని ఒక ఖాళీ మిషన్ మీద తిరిగి నిలబెట్టి చూపించాలి. నేను గదిలో ఉండకూడదు, ఫోన్ ఎత్తకూడదు. అది జరిగాకే అసలు నమోదు అందులోకి మారుతుంది. జరక్కపోతే స్ప్రెడ్‌షీట్‌తోనే ఉంటాం, అందులో చిన్నతనం ఏమీ లేదు. మాకు ఇష్టమైన ప్రోగ్రాం పెట్టి, బ్లాగులో రాసుకుని, ఉద్యోగం మారగానే మర్చిపోవడం సేవలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఒక మ్యూజియం జ్ఞాపకాన్ని మన తీరిక మీద తాకట్టు పెట్టడం అది.

ఇది మరీ జాగ్రత్త అని మిత్రులు కొందరు అన్నారు. ఇలా ఆలోచిస్తే ఏ చిన్న సంస్థా ఎప్పటికీ కొత్త పనిముట్టు వాడదని, ముందు పెట్టేస్తే మనుషులు వాళ్ళే తయారవుతారని. అందులో కొంత నిజముంది. నాకు పని నేర్పింది కూడా ఎవరో వదిలేసిపోయిన కోడే. కాకపోతే నేను నేర్చుకునేటప్పుడు చెడిపోయింది ఆఫీసు సర్వరు. దానికి రెండో కాపీ ఉంది. ఆయన జ్ఞాపకంలో ఉన్నదానికి రెండో కాపీ లేదు. ఆయనకి డెబ్బై రెండేళ్ళు. ప్రోగ్రాం ఏదన్నది వచ్చే ఏడాది తేల్చుకోవచ్చు. ఏ గంట ఏ ఊరిదో, ఆ సంగతి ఎవరు చెప్పారో ఈ ఏడాదే రాసుకోవాలి.

యాభై ఏళ్ళ తర్వాత పీహెచ్‌పీ ఉంటుందో లేదో, నేను చెప్పిన ఈ పేర్లలో ఏది మిగులుతుందో చెప్పలేం. అప్పుడా బీరువా తెరిచే మనిషి మనకి తెలీదు, మనం ఆ మనిషికి తెలీదు. ఆ చేతికి ఒక రిజిస్టరు పేజీయో, సీఎస్‌వీలో ఒక వరుసో దొరికి, అందులో "గంట. ఇత్తడి. ప్లవంగ, 1907 లేదా 1967, తేలలేదు. గుడిదని అమ్మినవాడి మాట, వేరే ఆధారం లేదు" అని ఉంటే, అక్కణ్ణుంచి మిగతాది ఆ మనిషి వెతుక్కోగలడు.